కొండ దిగే సైకిల్ తొక్కేవారికి కవచం: మన ఉక్కపోతలో మూడో దిగుడు దాకా ఒంటిమీద ఉండేదే కొనండి

పాలకొల్లు నుంచి అడిగారు కదా: స్నేహితులతో కలిసి మారేడుమిల్లి వైపు కొండ దిగుళ్లలో సైకిల్ తొక్కడం మొదలుపెట్టాను, చేతిలో 20 వేలున్నాయి, మెడ నుంచి నడుము దాకా కప్పే కవచం జాకెట్ ఒకటి కొంటే సరిపోతుందా అని. సరిపోదండి. ఆ డబ్బు ముందు తలకు, తర్వాత మోకాళ్లకు పెట్టండి. మిగిలితే మోచేతులకు, వీపుకు. మీరు చేద్దామనుకుంటున్నదే నేను చేసి దెబ్బ తిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది అంబాజీపేట. మన వైపు ఎత్తు అంటే ఏటిగట్టు, లేకపోతే కాలువ మీది వంతెన. కొండ కావాలంటే రాజమహేంద్రవరం వెళ్లి, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి మరో 85 కిలోమీటర్ల దాకా పోవాలి. రోజూ దిగుళ్లలో తొక్కే అలవాటు లేనివాళ్లకు భయం ఎక్కువ. ఆ భయంతోనే కంటికి పెద్దగా కనిపించే కవచం మీదికి మనసు పోతుంది. నేనూ 14 వేలు పెట్టి ఛాతీ, వీపు, భుజాలు, మోచేతులు అన్నీ కలిపి కుట్టిన జాకెట్ తెప్పించాను. మోకాళ్లకు మాత్రం దొరికిన చవక ప్యాడ్లతో సరిపెట్టాను.

అది అక్టోబరు, వానలు తగ్గుతున్న రోజులు. ఆ కొండల్లో మనల్ని పైకి చేర్చే ఏర్పాటేదీ ఉండదు, సైకిల్ నెట్టుకుంటూ ఎక్కి, తొక్కుకుంటూ దిగాలి. ముప్పావు గంట ఎక్కేసరికి జాకెట్ లోపల చొక్కా పిండితే నీళ్లు కారేటట్టుంది. రెండో దిగుడు అయ్యాక ఇక భరించలేక విప్పి సంచికి కట్టేశాను. మూడోసారి దిగుతుంటే, ఎర్ర కంకర పరుచుకున్న మలుపులో ముందు చక్రం జారింది. కుడి మోకాలి ప్యాడ్ అప్పటికే చెమటకు కిందికి జారి పిక్క మీద ఉంది. మోకాలి చిప్ప తిన్నగా రాతికి తగిలింది. ఎముక విరగలేదు కానీ చర్మం లేచిపోయి లోపల కంకర ఇరుక్కుంది. డాక్టరుగారు ఆ రాళ్లను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి స్టీలు ట్రేలో వేస్తుంటే వచ్చిన టిక్కు టిక్కు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏడు కుట్లు పడ్డాయి. ఆరు వారాలు సైకిల్ ఎక్కలేదు.

అందుకే ఏ కవచాన్ని చూసినా ఎంత మందంగా ఉందని కాకుండా, మూడో దిగుడు వేళకు ఇది నా ఒంటిమీద, ఉండాల్సిన చోట ఉంటుందా అని చూసుకోండి.

మోకాలి ప్యాడ్లు కొనేటప్పుడు మీడియం, లార్జ్ అన్న మాటలను నమ్మవద్దు, ఒక్కో తయారీదారుకు ఒక్కో లెక్క. కుట్టుపని చేసేవారి దగ్గరి టేపు తీసుకుని, మోకాలి చిప్ప నడిమి నుంచి 10 సెంటీమీటర్లు పైన తొడ చుట్టుకొలత, పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టుకొలత తీయండి. ఆ రెండు అంకెలనూ తయారీదారు ఇచ్చిన పట్టికతో పోల్చండి. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి, కొత్త గుడ్డ కొంచెం సాగుతుంది. అయితే మోకాలి వెనక నరం నొక్కుతున్నా, పాదం తిమ్మిరెక్కినా పెద్దదానికి మారాల్సిందే. తొడ దగ్గర లోపలి అంచుకు సిలికాన్ పట్టీ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. చెమటలో ప్యాడ్‌ను జారకుండా నిలబెట్టేది ముఖ్యంగా అదే.

వాపసు చేసే గడువు ఉండగానే ప్యాడ్లు తొడుక్కుని మేడ మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగండి. అప్పటికి రెండు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువ కిందికి దిగితే వెంటనే పంపేయండి. దిగకపోతే సాయంత్రం ఏటిగట్టు మీద గంటసేపు తొక్కండి. మన నేలలో కొండ లేదు గానీ, ప్యాడ్‌ను ఇంత కఠినంగా పరీక్షించే చెమట ఉంది. ముక్తేశ్వరం వైపు గట్టు మీద మే నెలలో గంటసేపు కదలకుండా నిలిచిన ప్యాడ్లు నాకు కొండ మీద ఒక్కసారి కూడా జారలేదు.

ఇంకొక సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. కొన్ని ప్యాడ్లు మేజోడులా కింది నుంచి ఎక్కించుకోవాలి, అంటే బూట్లు విప్పాలి. కొన్నిటికి వెనక జిప్పో, వెల్క్రో పట్టీలో ఉంటాయి, బూట్లతోనే తగిలించుకోవచ్చు. మన కొండల్లో ప్రతిసారీ నెట్టుకుంటూ ఎక్కాలి కాబట్టి ఎక్కేటప్పుడు తీసేస్తాం, దిగే ముందు మళ్లీ వేసుకోవాలి. బురదలో బూట్లు విప్పాల్సి వస్తే ఈ ఒక్కసారికి వద్దులే అనిపిస్తుంది. నేను రెండో రకమే వాడుతున్నాను.

ఇక లేబుల్ చదవడం. ఈఎన్ 1621-1 అనేది మోటారు సైకిల్ నడిపేవారి మోకాళ్లు, మోచేతులు, భుజాల ప్యాడ్ల కోసం రాసిన ఐరోపా ప్రమాణం. సైకిల్ ప్యాడ్లు చేసేవారూ దాన్నే వాడుతున్నారు. 5 కిలోల తూకపు రాయి మీటరు ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బో, సుమారు అంత దెబ్బ, అంటే 50 జౌల్స్, ప్యాడ్ మీద వేసి అవతలికి ఎంత బలం దాటిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే లెవెల్ 1, 20 మించకపోతే లెవెల్ 2. వీపు ప్యాడ్లకు వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 1621-2. దెబ్బ అంతే, కానీ అక్కడ లెవెల్ 1 అంటే 18, లెవెల్ 2 అంటే 9 కిలోన్యూటన్లు. కాబట్టి జాకెట్ వీపు జేబులో మందపాటి స్పాంజి ముక్క పెట్టి దానిమీద 1621-1 అని మాత్రమే రాసి ఉంటే అది వీపు ప్యాడ్‌గా పరీక్షకు నిలిచింది కాదు. నా 14 వేల జాకెట్‌లో ఉన్నది అదే. కొన్న ఏడాదికి గాని నేను ఆ చీటీ చదవలేదు.

అదే చీటీ మీద మనవాళ్లు ముఖ్యంగా చూడాల్సిన గుర్తు ఇంకొకటి ఉంది: టీ అక్షరం పక్కన ప్లస్. డీ3ఓ లాంటి మెత్తటి పదార్థాలు మామూలుగా బంకమట్టిలా వంగుతాయి, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడతాయి. వాటి గుణం వేడికి, చలికి మారుతుంది. టీ ప్లస్ ఉంటే 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని అర్థం. టీ మైనస్ అంటే సున్నాకు 10 డిగ్రీల కింద. మంచు దేశాలవారికి రెండోది అవసరం, మనకు మొదటిది. ఇది ఐచ్ఛిక పరీక్ష కాబట్టి అన్నిటికీ ఉండదు. ధర సమానంగా ఉన్నప్పుడు ఆ గుర్తు ఉన్నదే తీసుకోండి.

మెత్తటిదా, పైన ప్లాస్టిక్ చిప్ప ఉన్నదా అని కూడా రాశారు. నున్నటి మట్టి బాటకు మెత్తటిది హాయిగా ఉంటుంది. ఎర్ర కంకర మీద పడితే ఒళ్లు ఎక్కడా పట్టుకోకుండా జారిపోవాలి, అందుకు పైన పలచటి గట్టి చిప్ప ఉంటే మేలు. పిన్నులున్న ఫ్లాట్ పెడళ్లు వాడుతుంటే ముంగాలికి కూడా పలక ఉన్న ప్యాడ్లే చూడండి. కాలు జారినప్పుడు ఆ పిన్నులు ముంగాలి ఎముక మీద వరసగా గీరుకుపోతాయి. నా ఎడమ కాలి మీద ఆ నాలుగు గీతలు ఇంకా మాయలేదు.

హెల్మెట్ విషయంలో రాజీ పడవద్దు. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య డౌన్‌హిల్ పోటీల్లో తప్పనిసరి చేసింది. లోపలి చీటీ మీద ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 ఉందా చూడండి, అది డౌన్‌హిల్ కోసమే రాసిన ప్రమాణం. ఈఎన్ 1078 ఒక్కటే ఉంటే అది మామూలు సైకిల్ హెల్మెట్ ప్రమాణం, గడ్డం కమ్మీ గట్టిదనం గురించి ఏమీ చెప్పదు. గడ్డం భాగం ఊడదీసి ఎక్కడానికి వీలయ్యేవి మన ఎండకు బాగుంటాయి, వాటిలోనూ 1952 ఉన్నవి, లేనివి రెండూ ఉన్నాయి. ఇంట్లో ఉన్న మోటారు సైకిల్ హెల్మెట్‌తో నడిపించేద్దాం అనుకోవద్దు. బరువు, ఉక్క కలిసి ఎక్కుడులోనే తల తిరుగుతుంది. పట్టీ బిగించకుండా తల ఊపితే నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటు కదలాలి, బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. వాడినది ఎంత చవకగా వచ్చినా వద్దు. లోపలి థర్మోకోల్ లాంటి నురుగు ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది, పైకి గీత కూడా కనపడకపోవచ్చు.

కవచం ఏం చేయలేదో కూడా తెలిసి ఉండాలి. భుజం మీద పడితే బలం నేరుగా, చెయ్యి చాచి పడితే చేతి ఎముకల గుండా, మెడ కింది జత్రువుకు (కాలర్ బోన్‌కు) చేరుతుంది. భుజం ప్యాడ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. వీపు ప్యాడ్ రాతి దెబ్బను ఆపుతుంది కానీ వెన్ను మెలిపడకుండా ఆపలేదు. మెడ చుట్టూ పెట్టే నెక్ బ్రేస్ మీ హెల్మెట్‌కు, ఛాతీ ప్యాడ్‌కు రెండిటికీ కుదరాలి కాబట్టి ఇప్పుడే దానికి తొందరపడవద్దు. చేతులకు మాత్రం వేళ్లన్నీ కప్పే గ్లోవ్స్ మొదటి రోజు నుంచే వేసుకోండి.

ఇంటికి రాగానే ప్యాడ్లను చన్నీళ్లలో, కొంచెం సబ్బుతో చేత్తో ఉతకండి. వెల్క్రో మూసి ఉతకకపోతే లోపలి గుడ్డను పీకేస్తుంది. నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టండి. శ్రావణ మాసంలో సంచిలోనే వదిలేస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది, ఆ వాసన ఇక పోదు. మే నెలలో మూసిన కారులో ఉంచితే నురుగు, జిగురు రెండూ చెడతాయి. అలాగే అడవి లోపలి బాటలకు అటవీశాఖ అనుమతి తీసుకుని, వెళ్తున్నట్టు పక్క ఊళ్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు.

తొడ, పిక్క కొలతలు రెండూ తీసి ఇక్కడే రాయండి. నా ప్యాడ్లు తొడకు 44, పిక్కకు 37 సెంటీమీటర్లకు కుదిరినవి. మీవి దగ్గరగా ఉంటే ఒక ఆదివారం అంబాజీపేట రండి, వేసుకుని గట్టు మీద తొక్కి చూశాకే కొందురు.