20డబ్ల్యూ ఆయిల్ పోయించినా స్టాపీలో ఫోర్క్ అడుక్కి కొడుతోంది, స్ప్రింగులు మార్చాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: 2014 అపాచీ ఆర్‌టీఆర్ 160, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం లాక్ కాకుండా చూసేది) లేదు, ఉండేది చెన్నై. స్టాపీ (ముందు బ్రేకు నొక్కి, వెనక చక్రం గాల్లోకి లేపి ముందు చక్రం మీదే నిలబడటం) కొడితే ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉండే రెండు గొట్టాలు) ఠక్కుమని అడుక్కి తగులుతోంది. ఎవరో చెబితే 20డబ్ల్యూ (అంకె పెరిగేకొద్దీ చిక్కన) ఫోర్క్ ఆయిల్ పోయించావు, అయినా తగ్గలేదు. పైగా వెనక చక్రం దిగేటప్పుడు దబ్బుమని పడుతోంది. ఇంకా చిక్కటి ఆయిల్ పోయాలా, స్ప్రింగులు మార్చాలా అని అడిగావు.

స్ప్రింగుల సంగతే చూడాలి. ఆయిల్ ఇంకా చిక్కగా చేయొద్దు. నాదీ అదే బండి, 2012 మోడల్. మాది సూళ్లూరుపేట, ఉద్యోగం కోసం వచ్చి చెన్నై అంబత్తూరులో ఉంటున్నాను. నేను కూడా ఒక ఏడాది పాటు ఆయిళ్లే మారుస్తూ గడిపాను. అందుకే వివరంగా రాస్తున్నా.

10 తీసి 15 పోశాను, 15 తీసి 20 పోశాను. ప్రతిసారీ మొదటి రోజు బాగున్నట్టే అనిపించేది, వారం తిరక్కుండా మళ్లీ అదే ఠక్కు. చివరికి చెన్నైలోనే పాత స్పేర్లు దొరికే పుదుపేటలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నెల్లూరు వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉన్న మెకానిక్. నన్ను ముందు బ్రేకు గట్టిగా పట్టుకోమని, హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి తన బరువంతా మోపాడు. ఫోర్క్ మెల్లగా దిగింది. ఆయన అలాగే మోపి ఉంచాడు. అది ఆగలేదు, గోరంత గోరంత దిగుతూనే ఉంది. "చూశావా బాబూ, నిదానంగా పోతోంది, కానీ పోతానే ఉంది గదా. ఆయిలు మందమైతే పోయేది లేటవుతుంది, అంతే. ఆపేది స్ప్రింగే" అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. మన బండిలో ఉన్నది మామూలు డ్యాంపర్ రాడ్ ఫోర్క్. రాడ్‌కి ఉన్న చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ దూరి పోవాలి. వేగంగా నొక్కితే గట్టిగా అడ్డుపడుతుంది, మెల్లగా నొక్కితే దారి ఇచ్చేస్తుంది. వేగం రెట్టింపైతే ఆ అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. స్టాపీలో ముందు చక్రం మీద రెండు మూడు సెకన్లు నిలబడాలి, అంతసేపూ ఎంత చిక్కటి ఆయిలైనా జారుకుంటూనే ఉంటుంది. మధ్యలో నేల మీద చిన్న ఎత్తు తగిలిందనుకో, అప్పుడు మాత్రం అదే ఆయిల్ రాయిలా బిగుసుకుంటుంది, టైరు ఎగిరి పట్టు వదిలేస్తుంది. గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా, మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా తయారవుతుందన్నమాట.

మోటుగా ఒక లెక్క చెబుతా. నా బండీ, నేనూ, హెల్మెట్టూ, జాకెట్టూ అన్నీ కలిపి 200 కిలోలు. మామూలుగా కూర్చున్నప్పుడు ముందు చక్రం మీద పడేది సుమారు సగం, అంటే 100. వెనక చక్రం గాల్లోకి లేచిందంటే మొత్తం 200 ముందు చక్రానిదే. ఒక్కో స్ప్రింగు ఒక మిల్లీమీటరు దిగడానికి 0.7 కిలో బరువు కావాలనుకో, రెండింటికీ కలిపి 1.4. అదనంగా వచ్చిన 100 కిలోలను 1.4తో భాగిస్తే 71 మి.మీ. నేను కూర్చున్నప్పుడే ఫోర్క్ 30 మి.మీ. దిగి ఉంటుంది. మొత్తం 101. నా ఫోర్క్ పూర్తి ప్రయాణం కొలిస్తే 105 వచ్చింది. మిగిలింది 4 మి.మీ.! బ్రేకు లివర్ ఇంకాస్త నొక్కినా, చిన్న గుంట వచ్చినా అడుక్కే. ఏ గ్రేడు ఆయిల్ పోసినా ఈ లెక్క మారదు.

అడుక్కి తగలడం అంటే శబ్దం ఒక్కటే కాదు. అంతవరకూ దిగుతూ వచ్చిన ముందు భాగం ఒక్కసారిగా ఆగితే ఆ ఊపు వెనక భాగాన్ని ఇంకా పైకి ఎత్తుతుంది. బ్యాలెన్స్ పాయింట్ దాటి హ్యాండిల్ మీదుగా పడేది చాలాసార్లు అక్కడే. ఇక మెత్తదనం మొత్తం టైరుకే మిగులుతుంది కాబట్టి అది చిన్న చిన్నగా ఎగరడం మొదలెడుతుంది.

ఏం చేయాలో చెప్పేముందు ఒక హెచ్చరిక. చిక్కటి ఆయిల్‌తో పని కాలేదని నేను ఒక షాపులో "కాస్త ఎక్కువ పోయండి" అని చెప్పి వచ్చాను. వాళ్లు కొలవకుండా పోశారు. లోపల గాలికి చోటు మిగల్లేదు. గాలి నలుగుతుంది గానీ ఆయిల్ నలగదు కదా, ఫోర్క్ 70 మి.మీ. దగ్గర గోడలా ఆగిపోయింది. "ఆహా, గట్టిపడింది" అని సంతోషించాను కూడా. మూడో ప్రయత్నంలో కుడివైపు ఆయిల్ సీల్ పోయింది. కారిన ఆయిల్ డిస్క్ మీదికి చేరింది. నేను చూసుకోలేదు. నాలుగోసారి లివర్ నొక్కితే బండి ఆగలేదు, అలాగే పోయి ఇసుక కుప్పలో పడ్డాను. మణికట్టుకి ఆరు వారాలు కట్టు. అదృష్టం, ఎదురుగా గోడ కాకుండా ఇసుక ఉంది, అంతే. అందుకే ప్రతిసారీ మొదలుపెట్టే ముందు డస్ట్ సీల్ (పైపు కింది గొట్టంలోకి దూరే చోట ఉండే రబ్బరు మూత) కింద వేలు పెట్టి తుడిచి చూసుకో. వేలికి జిడ్డు తగిలితే ఆ రోజుకి స్టాపీ లేదు.

ఇప్పుడు నీ బండి. ముందు సెంటర్ స్టాండ్ మీద ముందు చక్రం పైకి లేపి, ఫోర్క్ కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. కట్ కట్ అంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) వదులైంది. అది సరిచేయకుండా స్ప్రింగుల జోలికి పోకు. ఫోర్క్ పైపుల మీద తుప్పు చుక్కలు ఉన్నాయేమో గోటితో గీరి చూడు. ఇక్కడి ఉప్పుగాలికి అవి త్వరగా వస్తాయి, కొత్త సీల్ వేసినా కోసేస్తాయి. సెకండ్ హ్యాండ్ బండైతే వరదలో మునిగిందేమో కనుక్కో. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు వేలచ్చేరిలో నీట మునిగిన మా స్నేహితుడి బండి ఫోర్క్ విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన టీలా వచ్చింది.

తరువాత ఎడమ పైపుకి, డస్ట్ సీల్‌ని తాకేలా ఒక సన్నటి నైలాన్ జిప్ టై బిగించు. స్టాపీ కొట్టాక అది ఎంత పైకి జరిగిందో స్టీలు స్కేలుతో కొలిచి రాసుకో. ఐదుసార్లు కొట్టి ఐదు అంకెలూ రాయి. నేను ట్యాంక్ మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీదే రాసేవాణ్ణి. ఈ అంకె లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే. ఒకసారికి ఒకటే మార్చు, మళ్లీ కొలువు.

మొదటి మార్పు ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచడం. ఫోర్క్ టాప్ బోల్ట్ విప్పి స్ప్రింగు పైన 10 మి.మీ. స్పేసర్ వేయించు. పీవీసీ పైపు ముక్క అయినా చాలు, రెండు కొసలూ సమంగా కోయాలి, స్ప్రింగుకీ దానికీ మధ్య స్టీలు వాషర్ ఉండాలి. ఇంత చిన్న పనికి ఫోర్క్ మొత్తం మీద సుమారు 10 మి.మీ. పైన నిలబడుతుంది. నువ్వు కూర్చున్నప్పుడు కనీసం 20 మి.మీ. దిగేలా మాత్రం చూసుకో. అంతకన్నా తక్కువైతే ముందు చక్రం దిగుడు గుంటల్లోకి సరిగా దిగదు, రోజూ ఆఫీసుకి పోయే బండికి అది మంచిది కాదు. నీ బరువు 60 కిలోల లోపైతే ఇక్కడితో పని అయిపోవచ్చు.

అవకపోతే స్ప్రింగు. నాకు రెడీమేడ్‌గా గట్టి స్ప్రింగులు దొరకలేదు, పుదుపేటలో ఇంకో పాత జత కొని కోయించాను. ఒరిజినల్ జత ఇంట్లో భద్రంగా ఉంది. నువ్వూ అలాగే చెయ్యి. స్ప్రింగులో చుట్లు తగ్గితే అది గట్టిపడుతుంది. నా దాంట్లో పనిచేసే చుట్లు 42, ఆరు కోస్తే 36 మిగిలాయి. 42ని 36తో భాగిస్తే 1.17, అంటే 0.7 కాస్తా 0.82 అయింది. పై లెక్కలో 71 బదులు 61 వస్తుంది. ఆ పెద్దాయన కోసేటప్పుడు దగ్గరే నిలబడి చూశాను. స్ప్రింగుకి తడిగుడ్డ చుట్టి, కటింగ్ వీల్ ఒక్క క్షణం ఆనించి తీసేస్తూ, ప్రతిసారీ నీళ్లు పోశాడు. తీగ నీలం రంగు తిరిగిందంటే వేడికి స్ప్రింగు పదును (గట్టిదనం) పోయినట్టే, అది పారేయాల్సిందే. కోసిన కొస పైవైపు పెట్టి, తగ్గిన పొడవుకి స్టీలు పైపు స్పేసర్ వేశాడు.

ఇక్కడ ఒక చెక్ తప్పనిసరి. స్ప్రింగు మొత్తం పొడవులోంచి, తీగ మందాన్ని చుట్ల సంఖ్యతో గుణించి తీసేయి. మిగిలిన ఖాళీ, ఫోర్క్ ప్రయాణం, ప్రీలోడ్ రెండూ కలిపిన దానికంటే కనీసం 10 మి.మీ. ఎక్కువ ఉండాలి. లేకపోతే ఫోర్క్ కంటే ముందు స్ప్రింగే అడుక్కి తగులుతుంది.

ఆయిల్ చివర్లో. 20 తీసేసి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు కంటే ఒక్క మెట్టు చిక్కటిది పోయించు, చాలు. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకో కంపెనీ 15 కంటే చిక్కగా ఉండొచ్చు, అందుకని ఒకే బ్రాండ్‌కి కట్టుబడు. మిల్లీలీటర్ల లెక్క కంటే మట్టం లెక్క నమ్ము. స్ప్రింగు తీసేసి, పైపుని నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించి గాలి పోయాక, ఫోర్క్ పూర్తిగా నొక్కి నిటారుగా పెట్టి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా ఖాళీ ఎంతో కొలువు. రెండు కాళ్లలోనూ ఒకటే ఉండాలి. అడుగు ఇంకా కొంచెం తగులుతుంటే ఆ ఖాళీని 10 మి.మీ. తగ్గించు, సిరంజితో సులభం. గాలి మొదట్లో పెద్దగా అడ్డుపడదు, చివరి రెండు మూడు సెంటీమీటర్లలోనే గట్టిపడుతుంది. మనకి కావలసిందీ అదే. 10, మళ్లీ కొలత, ఇంకో 10. అంతకు మించి నేను పోలేదు. ఇప్పుడు నా జిప్ టై 88 నుంచి 92 మధ్య ఆగుతోంది. మే నెల మధ్యాహ్నం ఆయిల్ పల్చబడుతుంది, డిసెంబర్ ఉదయం వేరు. నువ్వు ప్రాక్టీస్ చేసే వేళలోనే కొలుచుకో.

వెనక దబ్బుమని పడటం గురించి. సీటు గట్టిగా నొక్కి వదులు. ఒకసారి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జార్బర్లు అయిపోయినట్టే. ప్రీలోడ్ పై మెట్టులో పెట్టకు. తోక ఎత్తుగా ఉంటే వెనక చక్రం తేలిగ్గా లేస్తుంది అని కొందరు చెబుతారు. లేస్తుంది నిజమే, అలాగే హద్దు దాటడం కూడా తేలికే. నేను మధ్య మెట్టులోనే ఉంచాను. నీ విషయంలో అసలు కారణం చెయ్యి అని నా అనుమానం. లివర్‌ని ఒక్కసారిగా వదిలేస్తే నొక్కుకున్న ఫోర్క్ పైకి తన్నుతుంది, అదే సమయానికి వెనక చక్రం పడుతుంది. మెల్లగా, ఉప్పు చల్లినంత సున్నితంగా వదిలితే వెనక చక్రం దానంతటదే దిగుతుంది. నొక్కడం కూడా రెండు దశల్లో జరగాలి. మొదట ఫోర్క్ దిగేంత, బరువు టైరు మీదికి వచ్చాక మిగతాది. బరువు రాకముందే గట్టిగా పట్టేస్తే ముందు చక్రం లాక్ అయి జారుతుంది.

ఏబీఎస్ ఉన్న బండి వాళ్లు కూడా ఇది చదువుతుంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. దాని ఫ్యూజ్ పీకేసి రోడ్డు మీద తిరగొద్దు.

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు), మెరీనా, ఏ రోడ్డైనా సరే, అక్కడ స్టాపీ వద్దు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద కేసవుతుంది, బండి సీజు కూడా కావొచ్చు. అంతకంటే ముఖ్యం, ఎదురుగా స్కూటీ మీద పిల్లలతో ఎవరో వస్తుంటారు. నేను శ్రీపెరుంబుదూరు వైపు ఒక గోడౌన్ ఆవరణలో, యజమాని అనుమతి తీసుకుని, ఆదివారం పొద్దున మాత్రమే చేస్తాను. సిమెంటు నేల, ఇసుక ఊడ్చుకున్నాకే. పక్కన ఒక మనిషి ఉండాలి, ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లవ్స్, మోచేతికీ మోకాళ్లకీ గార్డులు ఉండాలి.

ముందు జిప్ టై కట్టి ఐదు రీడింగులు తీసి పెట్టు. వాటితో పాటు నీ బరువు, కూర్చున్నప్పుడు ఫోర్క్ ఎంత దిగుతోంది, స్ప్రింగు విప్పితే తీగ మందం ఎంత, చుట్లు ఎన్ని, ఇవి కింద రాయి. ఎన్ని చుట్లు కోయాలో, అసలు కోయాలో వద్దో లెక్క వేసి చెబుతా.