గోడో గేమ్ ఫ్రెండ్ దగ్గర ఓపెన్ అవ్వట్లేదా?

ప్రశ్న: గేమ్స్ తయారుచేసే గోడో ఇంజిన్‌లో చిన్న గేమ్ చేశానండి, నా లాప్‌టాప్‌లో బానే ఆడుతోంది, ఫ్రెండ్‌కి ఎక్స్‌ఈ (గేమ్ ఓపెన్ చేసే ఫైల్) పంపిస్తే అసలు ఓపెనే అవ్వట్లేదంట. ఇంజిన్ వాళ్లకి ఏమైనా కట్టాలా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్స్‌ఈ ఒక్కటే పంపుంటారు, పక్కనున్న పీసీకే ఫైల్ వదిలేసుంటారు! బొమ్మలు, సౌండ్లు, సీన్లు అన్నీ దాంట్లోనే ఉంటాయి కదా, రెండూ కలిపి జిప్ చేసి పంపండి, లేదంటే ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో ‘ఎంబెడ్ పీసీకే’ టిక్ పెట్టేస్తే ఒకటే ఫైల్ వస్తుంది. ఇంజిన్‌కి పైసా కట్టక్కర్లేదు, దానిది ఎవరైనా ఫ్రీగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు, కాకపోతే ఆ లైసెన్సు మ్యాటర్ క్రెడిట్స్‌లోనో ఎక్కడో పెట్టాలి. డబ్బులడిగేది స్టోర్లే, ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కైతే ఏటా 99, స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి 100. నన్నడిగితే ముందు ఇచ్.ఐఓ అనే గేమ్స్ సైట్‌లో ఫ్రీగా పెట్టి నలుగురితో ఆడించండి, స్టోర్ల సంగతి తర్వాత.