షట్టర్ గ్లాసెస్‌తో పని మొదలుపెట్టిన చిట్టికి

చిట్టికి, పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఫొటోగ్రామెట్రీ ఆఫీసులో, అంటే గాల్లోంచి తీసిన ఫొటోలతో మ్యాపులు గీసేచోట, చేరావని మీ అమ్మ చెబితే చాలా సంతోషం వేసింది. సాయంత్రానికి తల పగిలిపోతోందని కూడా చెప్పింది. అదే అలవాటైపోతుందని ఎవరైనా అంటే నమ్మకు తల్లీ. ఇరవై రెండేళ్లు ఆ షట్టర్ గ్లాసెస్‌తో, అంటే ఎడమ కన్నునీ కుడి కన్నునీ వంతులవారీగా మూసి రెండు ఫొటోలని లోతున్న ఒకే బొమ్మగా చూపే కళ్లద్దాలతో, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) గీశాను. నొప్పి వస్తోందంటే ఎక్కడో ఏదో సరిగ్గా లేదు.

ముందు నీ నెత్తిమీద లైటు చూడు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 120 హెర్ట్జ్ మానిటర్ ముందు నీ అద్దం ఒక్కో కంటికి సెకనుకు 60 సార్లు తెరుచుకుంటుంది. రెండింటికీ పొసగక గది అంతా సెకనుకు 20 సార్లు మినుకుమంటుంది. మొదట పనిచేసిన చోట నేను ఏడాది పాటు తలనొప్పి మాత్రలు మింగాను. ఒకరోజు నా పైనున్న లైటు మాడిపోయింది. ఆ సాయంత్రం నొప్పి రాలేదు! మొహమాటపడకుండా అడిగి ఆ లైటు తీయించుకో.

తల నిటారుగా ఉంచు. అద్దంలోని లిక్విడ్ క్రిస్టల్ పొరకి రెండు పక్కలా పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పొరలు) ఉంటాయి కాబట్టి, ఎల్‌సీడీ మానిటర్ ముందు తల పక్కకి వాలిస్తే దృశ్యం మసకబారుతుంది. పైగా వై పారలాక్స్ వస్తుంది, అంటే రెండు కళ్ల బొమ్మలూ ఒకటి పైకీ ఒకటి కిందికీ జరుగుతాయి, కళ్లు పీకుతాయి. నిటారుగా కూర్చున్నా బొమ్మ పైకీ కిందికీ చీలుతుంటే తప్పు ఓరియెంటేషన్‌ది, అంటే రెండు ఫొటోలనీ ఒకదానికొకటి సరిపెట్టడంలో ఉంది. కళ్లతో బలవంతంగా కలపకుండా మోడల్‌ని, అంటే ఆ ఫొటోల జంటని, వెనక్కి పంపు. డెడ్‌లైన్ అంటారు, అయినా సరే.

కొత్త మోడల్ తెరవగానే ఒక గుట్టని, ఒక చెరువుని చూడు. గుట్ట గుంతలా కనిపిస్తే ఎడమ, కుడి తారుమారయ్యాయి. కాసేపు చూస్తే మెదడు దానికీ సర్దుకుపోతుంది, అందుకే మొదటి నిమిషంలోనే పట్టుకోవాలి. రోడ్డు మీద లారీ గాల్లో తేలినా, నేలలోకి దిగినా కంగారుపడకు. మొదటి ఫొటోకీ రెండో ఫొటోకీ మధ్య అది కదిలిందంతే. బొమ్మలో ఎత్తు కొలిచే చుక్కని, నీ మార్క్‌ని, మాత్రం రోడ్డుకే ఆనించు. చెట్ల కింద నేల కనిపించకపోతే ఊహించి గీయకు, ఆ చోటుని గుర్తుపెట్టి వదిలెయ్.

గంటకోసారి అద్దాలు తీసి కిటికీలోంచి దూరంగా చూడు. రెండు కళ్లూ సమానంగా ఉన్నాయో లేదో ఈ వారమే డాక్టరుకి చూపించుకో.

ఆదివారం ఇంటికి రా. లైటు సంగతి ఏమైందో చెప్పు.

నీ పెదనాన్న