అయస్కాంత క్షేత్రం లేని గ్రహాన్ని సౌర పవనం ఏం చేస్తుంది?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. శుక్రుడికీ అంగారకుడికీ భూమికి ఉన్నట్టు సొంత అయస్కాంత క్షేత్రం లేదు కాబట్టి సౌర పవనం (సూర్యుడి నుంచి నిరంతరం వచ్చే కణాల ప్రవాహం) వాటి వాతావరణాన్ని నేరుగా ఢీకొంటుందా? అదే నిజమైతే శుక్రుడి మీద అంత దట్టమైన వాతావరణం ఎలా మిగిలింది? నా దృష్టిలో రెండో ప్రశ్నే అసలైనది. చాలా వ్యాసాలు దాన్ని దాటేసి వెళ్లిపోతాయి.

ముందు మొదటిది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను మావెన్ వ్యోమనౌక అంగారకుడి దగ్గర నమోదు చేసిన అయస్కాంత క్షేత్రం కొలతలతో కొన్ని నెలలు కుస్తీ పట్టాను. ఆ నౌక గ్రహానికి దూరంగా, స్వచ్ఛమైన సౌర పవనంలో ఉన్నంతసేపూ క్షేత్రం రెండు మూడు నానోటెస్లాల (క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. లోపలికి వస్తుండగా కొలతల గ్రాఫులో ఒక్కసారిగా గీత పైకి లేస్తుంది. ఆ తర్వాత కొంతదూరం దాకా అంతా అల్లకల్లోలమే. ఇంకా కిందికి దిగితే అలజడి అణిగి, క్షేత్రం ముప్పై నానోటెస్లాలకు అటూ ఇటూగా బలపడుతుంది. సొంత క్షేత్రం లేని గ్రహం దగ్గర ఇంత బలమైన క్షేత్రం ఎక్కడిదని ఆ గీతలు చూసినవాళ్లెవరికైనా అనుమానం వస్తుంది.

అది సూర్యుడి నుంచి వచ్చిందే. సౌర పవనమంటే సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, కొద్దిగా హీలియం. అది సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని తనతో మోసుకొస్తుంది. మరోవైపు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు గ్రహపు పై వాతావరణంలోని అణువులను అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడగొడతాయి. అలా ఏర్పడిన అయనావరణానికి విద్యుత్తును బాగా ప్రవహింపజేసే గుణం ఉంది. మంచి వాహకంలోకి బయటి క్షేత్రం ఇట్టే చొరబడలేదు. అది చొరబడబోతే లోపల విద్యుత్ ప్రవాహాలు పుట్టి దాన్ని అడ్డుకుంటాయి. దాంతో క్షేత్ర రేఖలు, వాగులో పాతిన గుంజకు చుట్టుకున్న నాచు పోగుల్లా, గ్రహం ముందు పోగుపడి, ఇరువైపులా వంగి, వెనక పొడవైన తోకగా సాగుతాయి. ఈ ఏర్పాటుకు ప్రేరిత అయస్కాంతావరణం అని పేరు. సౌర పవనంలో అధిక భాగం దీని చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. పవన వేగం సూపర్‌సోనిక్ (ఆ పవనంలో ధ్వని వేగం కన్నా ఎక్కువ) కాబట్టి అడ్డుకు ముందే ఒక షాక్ తరంగం నిలుస్తుంది. నా గీతలో ఒక్కసారిగా కనిపించిన పెరుగుదల అదే.

అయితే ఈ కవచం చాలా పలుచన. భూమి అయస్కాంత క్షేత్రం సౌర పవనాన్ని దాదాపు 60 వేల కిలోమీటర్ల దూరంలోనే నిలబెడుతుంది. శుక్రుడి దగ్గర షాక్ తరంగం కూడా నేల నుంచి సుమారు రెండు వేల కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పైగా అడ్డు పరిమాణం సౌర పవనం ఒత్తిడిని బట్టి మారిపోతూ ఉంటుంది. 2022 డిసెంబరులో అంగారకుడి దగ్గర సౌర పవనం సాంద్రత దాదాపు 100 రెట్లు పడిపోయినప్పుడు, ఆ గ్రహపు అయస్కాంతావరణం వేల కిలోమీటర్ల మేర ఉబ్బిపోయింది.

కవచం దగ్గరగా ఉండటం వల్ల ఒక చిక్కుంది. పై వాతావరణంలోని తేలికైన వాయువులు దాని అవతలికి కూడా వ్యాపించి ఉంటాయి. అక్కడ ఏదైనా పరమాణువు అయాన్‌గా మారిందంటే, సౌర పవనంతో వచ్చే విద్యుత్ క్షేత్రం దాన్ని ఎత్తుకుపోతుంది. అంగారకుడి నుంచి ఇలా సెకనుకు సుమారు 100 గ్రాముల వాయువు పోతోందని 2015లో మావెన్ బృందం ప్రకటించింది. సౌర తుఫాను తాకినప్పుడు ఈ నష్టం బాగా పెరుగుతుందని కూడా అదే ఏడాది మార్చి నాటి కొలతల్లో తేలింది. శుక్రుడి నుంచి పోయే హైడ్రోజన్, ఆక్సిజన్ అయాన్లు సుమారు 2:1 నిష్పత్తిలో ఉన్నాయని శుక్రుడి చుట్టూ తిరిగిన వీనస్ ఎక్స్‌ప్రెస్ వ్యోమనౌక కొలిచింది. అది నీటిలో ఉండే నిష్పత్తే.

ఇక రెండో ప్రశ్న. అంగారకుడి గురించి చెప్పే "క్షేత్రం పోయింది, గాలి పోయింది" అన్న కథ నాకు ఎప్పుడూ మింగుడుపడదు. శుక్రుడికి క్షేత్రం లేకపోయినా నేల మీద ఒత్తిడి భూమి మీద కన్నా 90 రెట్లు ఎక్కువ. తేడా తెచ్చేది ప్రధానంగా గురుత్వాకర్షణ. అంగారకుడి నుంచి తప్పించుకోవడానికి సెకనుకు 5 కిలోమీటర్ల వేగం చాలు. శుక్రుడి నుంచి అయితే 10 దాటాలి. అయనావరణంలో ఆక్సిజన్ అణువు అయాన్ ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి రెండు పరమాణువులుగా విడిపోయినప్పుడు వాటికి వచ్చే వేగం అంగారకుడిని వదిలి వెళ్లడానికి సరిపోతుంది, శుక్రుడిని వదలడానికి సరిపోదు. ఈ దారిలో జరిగే నష్టంలో సౌర పవనం ప్రమేయమే అక్కర్లేదు. మరో సంగతి: ఇంత పెద్ద కవచం ఉన్న భూమి కూడా ధ్రువ ప్రాంతాల మీదుగా అయాన్లను కోల్పోతూనే ఉంది, అదీ ఈ రెండు గ్రహాలతో పోల్చదగ్గ స్థాయిలోనే. అందుకే అయస్కాంత క్షేత్రం వాతావరణాన్ని నిజంగా ఎంత కాపాడుతుందన్న దానిపై పరిశోధకుల మధ్య ఇప్పటికీ వాదం నడుస్తోంది.

వాతావరణమూ క్షేత్రమూ రెండూ లేని చంద్రుడి మీద మాత్రం సౌర పవనం నిజంగానే నేలను తాకుతుంది. అక్కడ కూడా తాకిన ప్రోటాన్లన్నీ మట్టిలో ఇంకిపోవు. వాటిలో 20 శాతం దాకా హైడ్రోజన్ పరమాణువులుగా మారి వెనక్కి ఎగురుతున్నాయని చంద్రయాన్-1లోని సారా పరికరం చూపించింది.

మీరే చూడాలనుకుంటే మావెన్ కొలతలు నాసా గ్రహ సమాచార భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: నౌక కక్ష్య నెమ్మదిగా తిరుగుతుంటుంది కాబట్టి, కొన్ని నెలలపాటు అది షాక్ తరంగం బయటికి రానే రాదు. కక్ష్యలోని దూరపు కొస సూర్యుడి వైపు ఉన్న కాలాన్ని ఎంచుకోండి. దక్షిణార్ధగోళం మీదుగా వెళ్లేటప్పుడు ఉన్నట్టుండి క్షేత్రం వందల నానోటెస్లాలకు ఎగిస్తే కంగారు పడకండి. అది సుమారు 400 కోట్ల ఏళ్ల క్రితం అంగారకుడికి సొంత క్షేత్రం ఉన్నప్పుడు అయస్కాంతీకరణ చెందిన రాళ్ల ప్రభావం. ప్రేరిత క్షేత్రం ఒక్కటే కావాలంటే ఆ ప్రాంతాల మీదుగా వెళ్లిన కక్ష్యలను పక్కన పెట్టి మొదలుపెట్టండి.