మాట మీద డైస్ వేసేటప్పుడు

అల్లుడూ,

మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆటలో, అదే పాత్రల్లా మాట్లాడుతూ డైస్‌తో ఫలితం తేల్చే కథల ఆటలో, ఎవరు నోరు విప్పినా మీవాళ్లు "ఇన్‌సైట్ వేస్తా" (ఎదుటివాడి మనసు పసిగట్టడానికి డైస్ వేస్తా) అంటున్నారనీ, ఆట అక్కడే ఆగిపోతోందనీ నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. కొత్తగా డీఎం (ఆట నడిపేవారి) కుర్చీలో కూర్చున్న ఎవరికైనా ఈ టెన్షన్ ఉంటుంది. ఫోన్‌లో తెగే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఒకటి గట్టిగా పట్టుకో. ఎదుటి మనిషిలో ఏం కనిపించిందో అంతవరకే డైస్ చెప్పాలి. అది అబద్ధమా, నిజమా అన్నది ఆడేవాళ్లు తేల్చుకోవాలి. "వాడు అబద్ధం చెబుతున్నాడు" అని నువ్వే తీర్పు ఇచ్చేస్తే ఇక వాళ్లకు ఆలోచించే పనేముంది?

మీ కథ చంద్రగిరి కోట చుట్టూ నడుస్తోంది కదా, అక్కడిదే చూద్దాం. కోట వాకిట్లో చింతపండు బండి ఆగింది. బస్తాల కింద ఎర్రచందనం దుంగలున్నాయి. వ్యాపారి తరఫున నువ్వు వేసిన డిసెప్షన్ (మోసం దాచే రోల్) 14 వచ్చింది, మీవాడి ఇన్‌సైట్ 17, అంటే మీవాడిదే పైచేయి. అప్పుడు ఇలా చెప్పు: "చింతపండు ధర అడిగితే టక్కున చెప్పాడు. సరుకు ఏ ఊరి నుంచి వస్తోందంటే మాత్రం, బిగించే ఉన్న మోకును మళ్లీ బిగిస్తూ బదులిచ్చాడు. రెండుసార్లు అడవి దారి వైపు చూశాడు." అంతే, అక్కడ ఆపెయ్. ఒకరు బస్తాలు దింపించమంటారు, ఇంకొకరు అడవి దారిలో ఎవరున్నారో చూసొస్తానంటారు. వాడు దొంగే కావచ్చు. పెళ్లాంబిడ్డలు దొంగల చేతిలో ఉండి భయంతో వణుకుతున్నవాడూ కావచ్చు. కథ ఎటైనా పోవచ్చు.

అసలు పేచీ అంతా తక్కువ పడినప్పుడే. 3 పడటం అందరూ చూస్తారు. ఆ తర్వాత నువ్వు "నిజమే చెబుతున్నట్టుంది" అంటే ఎవరూ నమ్మరు గాక నమ్మరు. అందుకే ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో (2019) ఈ రోల్‌ని ఆట నడిపేవారే చాటుగా వేస్తారు. కాల్ ఆఫ్ క్తుల్హు అనే ఆటలో సైకాలజీ (మనసు చదివే) రోల్‌నూ అలా చాటుగా వేసే పద్ధతి ఉంది. మీరు ఆడేది 2014 నాటి డీ అండ్ డీ ఐదో ఎడిషన్ కాబట్టి ప్యాసివ్ ఇన్‌సైట్ (డైస్ వేయకుండానే లెక్కకొచ్చే అంకె) ఉండనే ఉంది. 10కి ఇన్‌సైట్ బోనస్ కలుపుకోవడమే. విజ్డమ్ (వివేకం) +3, ప్రొఫిషియన్సీ (నైపుణ్యం) +2 ఉన్నవాడికి 15. అందరి అంకెలూ ఒక చీటీ మీద రాసి నీ తెర వెనక పెట్టుకో. వ్యాపారి రోల్‌ని దాటినవాళ్లకి, అడక్కముందే కనిపించింది చెప్పెయ్. మాటమాటకీ రోల్ అడగడం దీనితోనే చాలావరకు తగ్గుతుంది. ఇక రోల్ ఎప్పుడు వేయాలో చెప్పేది నువ్వు. వాళ్లు దేన్ని గమనిస్తున్నారో చెబితే చాలు. తక్కువ పడితే "వాడి ముఖంలో ఏమీ దొరకలేదు" అను. "నువ్వు నమ్మేశావు" అని మాత్రం ఎప్పుడూ అనకు.

ఒప్పించడం దగ్గరా ఇదే చిక్కు. 20 పడగానే రాజుగారు కిరీటం తీసి చేతిలో పెడతారని కుర్రాళ్లు అనుకుంటారు. మీ రూల్స్‌లో నేచురల్ 20 (డైస్ మీదే 20) పడితే దాడి తప్పక తగులుతుంది గానీ, మాటల చెక్ (రోల్) తప్పక గెలవాలని లేదు. జరగనే జరగని పనికి రోల్ అడగొద్దు. జరిగేదైతే డీసీ (నెగ్గడానికి రావాల్సిన అంకె) 10 తేలిక, 15 మధ్యస్థం, 20 కష్టం. ఏది పెట్టాలన్నది వినేవాణ్ణి బట్టి చూసుకో. మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాక్కున్న పాలెగాడి కోసం అమ్మ ఎన్ని వేషాలు కట్టినా బయటపడనివాడు, దొర వేషానికి వచ్చాడు. దొర వస్తే ఎదురెళ్లక తప్పని మనిషి కాబట్టి వచ్చాడు. వేషం ఎంత బాగా కుదిరిందన్నది తర్వాతి మాట. మీ కోట కాపలావాడు దేనికి లొంగుతాడు? డబ్బుకా, పరువుకా, పొద్దుగూకేలోపు ఇంటికి పోవాలన్న ఆరాటానికా? అది పట్టుకున్నవాళ్లకి డీసీ 20 నుంచి 10కి దించెయ్, మొహమాటపడకు.

మీ గుంపులో పెద్దగా మాట్లాడని అమ్మాయి ఉందన్నావు, తన క్యారెక్టర్ కరిస్మా (మాటతో ఆకట్టుకునే శక్తి) 18 అన్నావు. "ఏదీ, రాజుతో మాట్లాడి చూపించు" అని ఆ పిల్లని నిలబెట్టకు. కాలేజీలో సెమినార్ అంటేనే జ్వరం తెచ్చుకునే పిల్ల, ఆదివారం పూట మంత్రిగా బతకాలని వస్తోంది. "ఏం చెప్పి ఒప్పిస్తావ్? బదులుగా ఏం ఇస్తావ్?" అని అడుగు. రెండు ముక్కల్లో చెప్పినా సరే, విషయంలో బలం ఉంటే రోల్ తేలిక చెయ్. ఈ ఒక్క సంగతి మర్చిపోకు. మాటకారులే గెలిచే చోటికి మిగతావాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. అలా చెదిరిపోయిన గుంపులను ఇక్కడ తిరుపతిలోనే చూశాను.

ఆడేవాళ్లు ఒకరి మీద ఒకరు పర్సువేషన్ (ఒప్పించే రోల్) వేసుకోవడం వద్దు. ఒప్పుకోవాలా లేదా అన్నది ఆ క్యారెక్టర్‌ని ఆడేవాళ్ల ఇష్టం.

జోన్ ఆఫ్ ట్రూత్ (అబద్ధం ఆడనివ్వని మంత్రం) చూసి భయపడకు. రెండో లెవెల్ స్పెల్, 15 అడుగుల వ్యాసార్ధం, 10 నిమిషాలు. కరిస్మా సేవ్ (మంత్రాన్ని తట్టుకునే రోల్) ఎవరు తప్పారో స్పెల్ వేసినవాళ్లకి తెలుస్తుంది. లోపలున్నవాడికీ స్పెల్ సంగతి తెలుస్తుంది. సేవ్ తప్పితే అబద్ధం ఆడలేడు గానీ నోరు మూసుకోవచ్చు, మాట దాటేయొచ్చు. మన వ్యాపారి "బండిలో చింతపండు ఉందయ్యా" అంటాడు, అది నిజమే. "చింతపండు ఒక్కటే ఉందా?" అని అడగడం వాళ్లకి తట్టాలి. తట్టేదాకా నువ్వు ఓపిగ్గా కూర్చో, సాయం చెయ్యబోకు.

వచ్చే ఆదివారానికి కోటలో ఉన్న ఒక్కొక్కరికీ మూడు ముక్కలు రాసుకో: ఏం కావాలి, ఏం దాస్తున్నారు, దాచేటప్పుడు చేతులు ఏం చేస్తాయి. రాజమహల్ వంటవాడితో మొదలుపెట్టి నాకు పంపు, చూసి చెబుతా.

మామయ్య,
తిరుపతి