ఒకే స్వచ్ఛంద సంస్థలో విండోస్, మాక్, లినక్స్ మూడూ ఉంటే అన్నిటినీ ఒకదానికి మార్చేయాలా?

వద్దు. మార్చాలన్నా మార్చలేరు.

పద్నాలుగు కంప్యూటర్లు, మూడు రకాలు, చూసుకునే మనిషి ఒక్కడు, అన్నిటికీ ఉచితంగా దొరికే లినక్స్ వేసేస్తే పీడ విరగడవుతుందా అని అడిగారు. పదకొండేళ్లుగా ఒడిశాలోని గుణుపురంలో నా బతుకూ ఇదే కాబట్టి చెబుతున్నాను. మా సంస్థ రాయగడ, గజపతి జిల్లాల్లో పసిపిల్లల ఆరోగ్యం మీద పనిచేస్తుంది. గది బయట ఐటీ విభాగం అని ఒడియాలో బోర్డు కూడా ఉంది. విభాగం అంటే నేను, ఒక స్క్రూడ్రైవరు, మెట్ల కింద ఒక బల్ల.

ఈ కలగూరగంపను ఎవరూ కోరి తెచ్చుకోరు, దాతలు తెచ్చిపెడతారు. ఒకరు తమ కార్యాలయం మూసేస్తూ రెండు ఐమాక్‌లు ఇచ్చారు. ఇంకొకరు పాత డెస్క్‌టాపులు లారీలో వేసి పంపారు, వాటిలో మూడింటికి హార్డ్ డిస్కులే లేవు. అడిగితే ధర్మానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని తగవు పెట్టుకున్నట్టు ఉంటుందని మా డైరెక్టరు గారు నోరు మూయించారు. ఆ డిస్కులు నేనే కొన్నాను, రసీదులు ఇప్పటికీ అకౌంట్స్ బల్ల మీద పడి ఉన్నాయి.

సరే, మీ లినక్స్ సంగతి. అకౌంట్స్ మాస్టారికి లెక్కలు రాసుకునే ట్యాలీ కావాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. దాతలు పంపే ఎక్సెల్ ఫారాల్లో మాక్రోలు, అంటే బటను నొక్కితే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి, వాటిని లినక్స్‌లో ఎక్సెల్ బదులు వాడే లిబ్రే ఆఫీసులో తెరిస్తే సగం బటన్లు నొక్కినా పలకవు. డాక్యుమెంటేషన్ చూసే అమ్మాయి వీడియోలన్నీ మాక్‌లోనే కత్తిరిస్తుంది, దాన్ని లాక్కుంటే రాజీనామా ఇస్తుంది. ఇక విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లను విండోస్ 11 గడప దాటనివ్వదు. లారీలో వచ్చినవన్నీ అలాంటివే కాబట్టి వాటికి లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేశాను. అంటే ప్రతి యంత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నా మాట విని యంత్రాలను వదిలేసి ఫైళ్ల వెంట పడండి. నేను ఆలస్యంగా పడ్డాను, అందుకు ఒక రాత్రి ఎలా గడిచిందో చెబుతాను.

2018 సెప్టెంబరులో ఐదేళ్లలోపు పిల్లల బరువులు తూచాం. పుట్టిన తేదీల జాబితా మాక్‌లో ఉంది. ఎప్పుడో ఎవరో తయారుచేసిన ఫైలునే ఏటా పేరు మార్చి వాడుకుంటున్నారు. బరువుల జాబితా విండోస్‌లో ఉంది. డాక్యుమెంటేషన్ అమ్మాయి తేదీల వరసను కాపీ చేసి బరువుల పక్కన అతికించింది. వయసుకు తగ్గ బరువు లేని పిల్లల గడి ఎర్రబడేలా ఆ షీటును తయారుచేసింది నేనే, పైగా దాని గురించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆ సాయంత్రం షీటు మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా ఉంది.

డైరెక్టరు గారు చూసి కుర్చీలో కూలబడ్డారు. "ఇంత ఘోరం జరుగుతుంటే మనకే తెలియలేదా?" అన్నారు. రాత్రికి రాత్రే దాతకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. మా క్షేత్ర కార్యకర్త ఒకావిడ, సవర గిరిజనుల ఊళ్లన్నీ కాలినడకన తిరిగే మనిషి, ప్రింటు తీసిన కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటూ ఒక వరస దగ్గర ఆగింది. ఒక పాప. బరువు ఏడు కిలోలు. వయసు నాలుగున్నరేళ్లు.

"బాబూ, ఈ పిల్లకు ఇంకా పళ్లే రాలేదు. నేనే ఎత్తుకుని తూకం వేశాను. నాలుగున్నరేళ్లు ఎప్పుడు నిండాయి?" అంది.

పాప టీకాల కార్డు ఫోటో ఆవిడ ఫోనులోనే ఉంది. పుట్టింది 2018 మార్చి 20. మా షీటులో 2014 మార్చి 19. ఎవరో తప్పు కొట్టారనుకుని కింది వరస చూశాను. నాలుగేళ్లు, ఒక రోజు తేడా. దాని కింది వరసలోనూ అంతే. టైపు తప్పులు ఇంత పద్ధతిగా ఉండవు కదా. నాలుగేళ్లకైతే ఏదో ఒక కారణం ఊహించుకోవచ్చు, ఆ ఒక్క రోజే నన్ను రాత్రి రెండింటిదాకా పడుకోనివ్వలేదు.

ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు, రోజుల లెక్కగా దాచుకుంటుంది. విండోస్ ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటి అనుకుని లెక్కపెడుతుంది. పాత మాక్ ఎక్సెల్ 1904 జనవరి 1ని సున్నా అనుకుంటుంది. రెండింటికీ మధ్య 1462 రోజులు, అంటే నాలుగేళ్ల మీద ఒక రోజు. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ చేసినప్పుడు అంకె వెళ్తుంది, లెక్క ఎక్కడ మొదలైందన్నది వెనకే ఉండిపోతుంది. 41717 అన్న అంకె మా మాక్ ఫైలులో ఆ పాప పుట్టినరోజు. విండోస్ ఫైలులో అదే అంకె 2014 మార్చి 19.

1904 ఎందుకంటే, 1900 నాలుగుతో భాగించినా శేషం రాని ఏడే గానీ లీపు సంవత్సరం కాదు. 1904 నుంచి మొదలుపెడితే ఆ చిక్కు తప్పుతుంది. విండోస్ వైపు ఇంకా విచిత్రం. అంతకు ముందున్న లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం 1900ను లీపు సంవత్సరంగా లెక్కపెట్టింది, దానితో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా తెలిసే ఆ తప్పును తలకెత్తుకుంది. ఇప్పటికీ 1900 ఫిబ్రవరి 29 అని కొట్టి చూడండి, ఏ పంచాంగంలోనూ లేని ఆ రోజును కిమ్మనకుండా తీసుకుంటుంది.

ఒక గడిలో 1462 వేసి, దాన్ని తేదీలన్నిటికీ కూడితే పిల్లలు మళ్లీ పసివాళ్లయ్యారు. ఉత్తరం ఆగింది. అందరం పకోడీలు తెప్పించుకుని నవ్వుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఆ కార్యకర్త మళ్లీ వచ్చి, "బాబూ, ఎరుపు పూర్తిగా పోలేదు, పదకొండు ఉన్నాయి" అంది. అవి నిజమైనవి. రాత్రి మాలో ఎవరికీ పట్టలేదు.

అప్పటి నుంచి తేదీ పక్కనే వయసును నెలల్లో కూడా రాయిస్తున్నాను. కార్యకర్త చెప్పిన నెలలూ తేదీ నుంచి లెక్కగట్టిన నెలలూ కలవకపోతే ఆ వరసను ఎవరూ ముట్టుకోకూడదు. 1462 అని మెట్ల కింద గోడ మీద సుద్దతో రాసి ఉంచాను. ఎవరిదో ఫోను నంబరు అనుకుని ఆడిటరు గారు మిగతా అంకెలేవని అడిగారు.

ఇంతకన్నా ఎక్కువ జుట్టు పీక్కునేది అక్షరాల దగ్గర. మాకు ప్రభుత్వ కాగితాలు ఒడియాలో, కార్యాలయంలో మాటా రాతా సగం తెలుగులో. పాత కరపత్రాలన్నీ యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాని, ప్రెస్సులవాళ్లు వాడే డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ గుప్పించినట్టు కనిపిస్తాయి. మా పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువే కూర్చారు. సవరలకు మంగేయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు, అది 2012లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఆ లిపికి నోటో అనే ఫాంటు వేసుకుంటే మూడు రకాల యంత్రాల్లోనూ కనిపిస్తుంది. కొండ మీది సవర లిపికి దారి దొరికింది కానీ, బజారులో తెలుగు శుభలేఖలు వేసే ప్రెస్సువాళ్లు ఇంకా యూనికోడ్ అంటే వైరస్ పేరనుకుంటారు. పాత ఫాంటులో ఉన్న ఫైలు ఎవరు తెచ్చినా నేను తీసుకోను. దీని మీద గొడవలయ్యాయి, ఇంకా అవుతాయి.

పెన్‌డ్రైవులన్నీ ఎక్స్‌ఫ్యాట్‌ అనే, మూడు రకాల యంత్రాలూ చదివి రాయగల ఫార్మాట్‌కు మార్చేయండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే మాక్ చదువుతుంది గానీ రాయనివ్వదు. ఫైలు పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం వద్దు, విండోస్ ఒప్పుకోదు. ఇంగ్లీషు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లినక్స్‌కు పట్టింపు, మిగతా రెండూ మామూలుగా పట్టించుకోవు. నేను అన్నీ చిన్నక్షరాలే వాడమంటాను.

ఇది రాస్తుండగానే ఒక దాత కార్యాలయం నుంచి ఫోను వచ్చింది, రెండు పాత మాక్‌బుక్‌లు పంపుతున్నారట. చార్జర్లు ఉన్నాయా అని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు.