పాత బ్రాడ్‌వే ఫొటో ఏ నాటకానిదో ఇలా వెతకండి

మీ దగ్గరున్న పాత బ్రాడ్‌వే (న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల రంగం) ఫొటోలో ఇద్దరు నటుల్ని గుర్తుపట్టారు, కానీ అది ఏ నాటకానిదో దొరకట్లేదని అడిగారు. దుస్తులు చూసి 1880ల నాటి ఫొటో అనుకుని వెతుకుతున్నారు, అందుకే దొరకట్లేదు. ఆ దుస్తులు కథాకాలానివి అయ్యుండొచ్చు. అంచున ‘వైట్, ఎన్.వై.’ అని ఉందన్నారు కదా, అది న్యూయార్క్‌లోని వైట్ స్టూడియో ముద్ర. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో బ్రాడ్‌వే నాటకాలు వాళ్లు విపరీతంగా తీశారు.

1. ముందు వెనకవైపు చూడండి: పెన్సిల్ రాతలు, పత్రికల స్టాంపులు.

2. చాలామంది వదిలేసేది ఇదే: మూలన సన్నగా నంబరు ఉందేమో భూతద్దంతో చూడండి. దాన్ని తేదీ అనుకోకండి, నెగెటివ్ నంబరు అయ్యే అవకాశమే ఎక్కువ. స్టూడియోవాళ్లు ఒక్కో నాటకం దృశ్యాల్ని చిన్న ప్రింట్లుగా కీ షీట్ల మీద పెట్టేవారు, అవి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ బిల్లీ రోజ్ థియేటర్ విభాగంలో ఉన్నాయి. నంబరుతో పాటు స్కాన్ పంపి ఆ లైబ్రరీవాళ్లని అడగండి.

3. నంబరు లేకపోతే, ఫొటోలో మీరు గుర్తుపట్టిన ఇద్దరు నటుల పేర్లు ఇంటర్నెట్ బ్రాడ్‌వే డేటాబేస్‌లో (బ్రాడ్‌వే నాటకాలు, నటుల వివరాలుండే వెబ్‌సైట్) చూసి, ఇద్దరూ కలిసి చేసిన నాటకాలు మాత్రమే ఉంచుకోండి. ఒక్క పేరుతో వెతికితే జాబితా తెగదు.

నాటకం దొరికాక, దాని తొలి ప్రదర్శన తేదీనే ఫొటో తేదీగా రాయకండి, డ్రెస్ రిహార్సల్‌లో తీసిందీ కావచ్చు.